పక్క సీటాయన 3,200, మీరు 7,800: విమానం టికెట్ వెనక లెక్క

మీరు సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్ళారు. మీ టికెట్ 7,800, పక్క సీట్లో కూర్చున్నాయన టికెట్ 3,200. ఒకే విమానం, ఒకే వరస, ఇంత తేడా ఎలా అని అడిగారు. ఇంతింత వసూలు చేస్తూ కూడా కంపెనీలు ఎందుకు దివాలా తీస్తాయన్నది మీ రెండో ప్రశ్న. దానితోపాటు, విజయవాడ నుంచి వచ్చిన ఎయిర్ కోస్టా ఎందుకు నిలబడలేదు, అమెరికా వెళ్ళే మనవాళ్ళంతా దుబాయ్, దోహాల మీదుగానే ఎందుకు పోవాలి అని కూడా అడిగారు. నేను ఎయిర్‌లైన్స్‌లో మొదట రెవెన్యూ మేనేజ్‌మెంట్‌లో (ఏ సీటు ఎంతకు అమ్మాలో తేల్చే విభాగం), తర్వాత రూట్ ప్లానింగ్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. వీటన్నిటి మూలం ఒకటే కాబట్టి కలిపే చెబుతాను.

విమానం గాల్లో ఉన్నా నేలమీద ఉన్నా దాని ఖర్చు ఆగదు. అసలు సంగతి ఇదే. మన దేశంలో ఎయిర్‌లైన్స్ నడిపే విమానాల్లో ఎక్కువ భాగం వాటి సొంతం కాదు. ఐర్లాండ్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న లీజింగ్ కంపెనీల దగ్గర అద్దెకు తెచ్చుకున్నవి. మన దగ్గర ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ రకం, కొత్త ఏ320 నియో అద్దె ఇప్పుడు నెలకు 4 లక్షల డాలర్ల దరిదాపుల్లో ఉంటోంది. మన రూపాయల్లో మూడున్నర కోట్లు అనుకోండి. అంటే రోజుకు పదకొండు, పన్నెండు లక్షలు. ఆ విమానం రోజుకు ఆరు ట్రిప్పులు తిరిగితే ట్రిప్పుకు రెండు లక్షల లోపు పడుతుంది. నాలుగే తిరిగితే మూడు లక్షలకు దగ్గరపడుతుంది. 186 సీట్లలో 85 శాతం నిండాయనుకుంటే, ఒక్క అద్దె కిందే మనిషికి 1,200 దగ్గర నుంచి 1,800 దాకా పెరిగిపోయినట్టు. రోజుకు రెండు ట్రిప్పులు తగ్గినందుకు మనిషికి ఆరు వందల తేడా. ఈ ఒక్క లెక్క బుర్రలో ఉంటే ఎయిర్‌లైన్స్ చేసే సగం పనులు వింతగా అనిపించవు. తెల్లారుజామున ఐదింటికి ఫ్లైట్లు ఎందుకుంటాయి, దించిన అరగంటకే మళ్ళీ ఎక్కించమని ఎందుకు తొందరపెడతారు, రాత్రి పదకొండున్నరకి కూడా ఎందుకు నడుపుతారు, అన్నిటికీ జవాబు అందులోనే ఉంది.

ఇంధనం లెక్క ఇంకా పెద్దది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఏ320 నియో అటూ ఇటూగా నాలుగున్నర టన్నుల ఏటీఎఫ్ (విమాన ఇంధనం) తాగుతుంది. కిలోలీటరు 90 వేల చుట్టుపక్కల ఉందనుకుంటే ట్రిప్పుకు ఐదు లక్షలు, మనిషికి మూడు వేల పైచిలుకు. ఏటీఎఫ్ ఇప్పటికీ జీఎస్టీలోకి రాలేదు. దాని మీద వ్యాట్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంది. ఒక శాతం ఉన్నచోట ఉంది, ముప్ఫైకి దగ్గరగా ఉన్నచోటా ఉంది. అందుకే పన్ను తక్కువున్న ఊళ్ళో కాస్త ఎక్కువ నింపుకుని, ఎక్కువున్న ఊళ్ళో తక్కువ పట్టించుకుంటారు. ఆ అదనపు బరువు మోయడానికి మళ్ళీ కొంత ఇంధనం కాలుతుంది. దేశం మొత్తానికి చూస్తే ఇది శుద్ధ వృథా. ఏటీఎఫ్‌ని జీఎస్టీలోకి తేవాలన్న మాట ఏళ్ళుగా నానుతూనే ఉంది. టికెట్ ధరలు తగ్గాలని నిజంగా కోరుకునేవాళ్ళు ముందు అడగాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

ఇక జీతాలు, మెయింటెనెన్సు, ల్యాండింగ్, పార్కింగ్, నేవిగేషన్ చార్జీలు. వీటిలో చాలా భాగం విమానంలో పదిమంది ఎక్కినా, 186 మంది ఎక్కినా మారవు. బయల్దేరడం ఖాయమైన విమానంలో ఇంకో మనిషిని ఎక్కిస్తే కంపెనీకి అదనంగా అయ్యే ఖర్చు కొద్ది వందలే. తలుపు మూశాక మిగిలిపోయిన సీటుకు మాత్రం రూపాయి రాదు. ఫంక్షన్ హాలు నడిపేవాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. మాఘమాసం ముహూర్తానికి హాలు రేటు ఆకాశంలో ఉంటుంది, మూఢంలో సగానికిస్తామన్నా అడిగేవాడుండడు, ఖాళీగా పోయిన తేదీని ఎవరూ తర్వాత అమ్ముకోలేరు. తేడా ఏమిటంటే హాలు ఓనరుకు ఏడాదికి మహా అయితే మూడొందల అరవై తేదీలు. ఎయిర్‌లైన్‌కి రోజుకు లక్షల సీట్లు, ప్రతి సీటుకూ దాని తేదీ, దాని గంట.

ఇప్పుడు మీ 7,800 సంగతికి వద్దాం. ఒక ఫ్లైట్‌కి ఒకే ధర ఉండదు. సీట్లన్నీ ఒకటే అయినా, కంప్యూటర్లో వాటిని పది పదిహేను బకెట్లుగా విభజిస్తారు. ఒక్కో బకెట్‌కి ఒక అక్షరం, ఒక రేటు. మీ టికెట్ మీద క్లాస్ అని ఒక ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుందే, అది మీరు ఏ బకెట్‌లోంచి కొన్నారో చెప్పేది. ఉదాహరణకు అన్నిటికంటే చవక బకెట్ 3,200. అందులో ఇరవై సీట్లు పెడతారు. అవి అయిపోతే 3,900, తర్వాత 4,700, అలా మెట్లు మెట్లుగా పైకి. అయితే ఈ బకెట్లు గోడ కట్టినట్టు విడివిడిగా ఉండవు. ఖరీదైన రేటు ఇచ్చేవాడికి చవక బకెట్ సీటు కూడా అందుబాటులోనే ఉంటుంది, చవక కోరేవాడికి ఖరీదు సీటు దొరకదు. చివర్లో వచ్చి ఎంతైనా ఇస్తాననే మనిషి కోసం కొన్ని సీట్లు దాచిపెట్టడమే ఇందులో అసలు కిటుకు. ఎక్కువ దాస్తే సీట్లు ఖాళీగా పోతాయి. తక్కువ దాస్తే, రేపు పొద్దున్నే ఆపరేషన్ ఉందనో, మీటింగ్ ఉందనో పరుగెత్తుకొచ్చే మనిషికి సీటే లేకుండా పోతుంది.

రెవెన్యూ మేనేజ్‌మెంట్‌లో పనిచేసే ఎనలిస్ట్‌కి పొద్దున్నే స్క్రీన్ మీద కనిపించేది బుకింగ్ కర్వ్. ఫ్లైట్‌కి ఇంకా 40 రోజులుంది, ఇదే రూట్‌లో ఇదే వారం ఇదే గంటకు మామూలుగా ఈ పాటికి ఎన్ని సీట్లు అమ్ముడవుతాయి, ఈసారి ఎన్ని అమ్ముడయ్యాయి, రెండు గీతలు పక్కపక్కనే. అమ్మకం గీత పైన పోతోందంటే చవక బకెట్ మూసేస్తారు. కింద పోతోందంటే తెరుస్తారు. చాలావరకు సాఫ్ట్‌వేరే చేస్తుంది. కానీ పండగలు, ఎన్నికలు, పరీక్షలు, క్రికెట్ మ్యాచ్‌లు మనిషే చూసుకోవాలి. సంక్రాంతి ఏటా ఇంచుమించు ఒకే తేదీలకు వస్తుంది కాబట్టి దాని కర్వ్ నెలల ముందే మా చేతిలో ఉంటుంది. మీ పక్కనాయన ఆ మొదటి ఇరవై సీట్లలో ఒకటి కొన్నాడు. మీరు కొనేనాటికి ఆ మెట్లన్నీ దాటిపోయాయి.

పండగ రేట్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దోపిడీ అనే మాట చాలా తేలిగ్గా వాడేస్తున్నాం. భోగికి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి విశాఖ, రాజమండ్రి, విజయవాడ వెళ్ళే ప్రతి విమానమూ నిండిపోతుంది. అదే విమానం తిరిగి హైదరాబాద్ రావాలి కదా, ఆ వైపు ఎక్కేవాళ్ళు పల్చగా ఉంటారు. కనుమ తర్వాత తలకిందులు. వెళ్ళేటప్పటి టికెట్టే రెండువైపుల ఖర్చునీ మోయాలి. కాబట్టి పండగ రేటు మామూలు రేటుకు రెట్టింపైతే నాకు ఆశ్చర్యం లేదు. నాలుగైదు రెట్లైతే మాత్రం అది ఖర్చు లెక్క కాదు, ఆ రూట్‌లో పోటీ లేదని అర్థం. ఆ సంగతి చివర్లో మాట్లాడతాను.

ఈ పద్ధతి పుట్టిల్లు అమెరికా. అక్కడ 1978లో డీరెగ్యులేషన్ చట్టం వచ్చి, టికెట్ ధర ప్రభుత్వం నిర్ణయించే రోజులు పోయాయి. పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చవక కంపెనీ పాతవాళ్ళకు చెమటలు పట్టించింది. అప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ నడిపిస్తున్న రాబర్ట్ క్రాండల్ 1985లో ఒక పని చేశాడు. మామూలు రేట్లు తగ్గించకుండా, ముందుగా కొనేవాళ్ళకు మాత్రం కొన్ని సీట్లు పీపుల్ ఎక్స్‌ప్రెస్ రేటుకే పెట్టాడు. ఎన్ని సీట్లు అలా ఇవ్వాలో రోజూ కంప్యూటర్ లెక్కగట్టేది. అంత లెక్క చేయగల యంత్రాంగం పీపుల్ ఎక్స్‌ప్రెస్ దగ్గర లేదు. మరుసటి ఏడాదే అది ఇంకొకరి చేతుల్లోకి పోయింది. మన దగ్గర 1953లో ఎయిర్‌లైన్స్ అన్నిటినీ జాతీయం చేశారు, బేగంపేట నుంచి నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా అప్పుడే ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ చట్టాన్ని రద్దు చేసింది 1994లో. మనకు ఈ రేట్ల విద్య ఆ తర్వాత వచ్చినదే.

ఒకటికి రెండుసార్లు వెతికితే రేటు పెంచేస్తారు, ఇన్‌కాగ్నిటోలో చూడాలి అని చాలామంది నమ్ముతారు. నేను పనిచేసిన చోట మనిషిని బట్టి రేటు పెంచడం చూడలేదు. మీరు చూసిన గంటలో ఆ బకెట్‌లో చివరి రెండు సీట్లు ఇంకెవరో కొనేసి ఉంటారు, లేదా మీరే సగం దాకా బుక్ చేసి వదిలేస్తే ఆ సీట్లు కాసేపు మీ పేరు మీదే ఆగిపోయి ఉంటాయి. కానీ నిజంగా డబ్బు పోయే చోటు ఇంకొకటుంది. ఇంట్లో నలుగురికి ఒకేసారి వెతికారనుకోండి. చవక బకెట్‌లో రెండే సీట్లు మిగిలి ఉంటే, చాలా సిస్టమ్‌లు నలుగురికీ పై బకెట్ రేటే చూపిస్తాయి. ముందు ఒకరికి వెతికి రేటు చూడండి, తర్వాత నలుగురికి చూడండి. తేడా కనిపిస్తే ఇద్దరిద్దరుగా విడగొట్టి కొనండి. పీఎన్‌ఆర్‌లు వేరవుతాయి కాబట్టి పిల్లలున్న వైపు ఒక పెద్దవాళ్ళు ఉండేలా చూసుకోండి.

మీరిచ్చిన 7,800 మొత్తం కంపెనీకి రాదు. ఎకానమీ టికెట్ మీద 5 శాతం జీఎస్టీ, ఎయిర్‌పోర్ట్ వాళ్ళ యూడీఎఫ్ (ఎయిర్‌పోర్ట్ వాడుకున్నందుకు కట్టే ఫీజు), సెక్యూరిటీ ఫీజు, ఇవన్నీ కంపెనీ వసూలు చేసి కట్టేసేవే. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో యూడీఎఫ్ ఎంతుండాలో ఏరా అనే నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది, ఎయిర్‌లైన్ కాదు. ఒక పనికొచ్చే సంగతి: రిఫండ్ రాదని రాసి ఉన్న టికెట్ రద్దు చేసుకున్నా, అసలు ఎక్కకపోయినా, ఈ పన్నులూ యూడీఎఫ్ మీకు తిరిగి ఇవ్వాలి. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టిన నిబంధన అది. చాలామంది అడగక వదిలేస్తారు.

చివరికి మిగిలేది ఎంత? ప్రపంచంలోని ఎయిర్‌లైన్స్ అన్నిటినీ కలిపి వాటి అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ 2025 జూన్‌లో వేసిన అంచనా ప్రకారం ఒక్కో ప్రయాణికుడి మీద నికర లాభం 7 డాలర్ల 20 సెంట్లు. వందకు నాలుగు రూపాయలు కూడా మిగలని వ్యాపారం. ఈ సన్నటి అంచు మీద నడిచే చోట అరగంట ఆలస్యం కూడా నష్టమే.

ఆ అరగంటలో ఏం జరుగుతుందో ప్రయాణికులకు కనబడదు కాబట్టి చెబుతాను. విమానం వచ్చి దానికిచ్చిన చోట (బే) ఆగగానే చక్రాలకు చాక్స్ (కదలకుండా ఆపే దిమ్మెలు) పెడతారు. ఇంజన్లు ఆపి, పైన తిరిగే ఎర్ర లైటు ఆరిన తర్వాతే ఎవరైనా దగ్గరికి వెళ్ళాలి. ముందూ వెనకా నిచ్చెనలు పడతాయి. ఒకవైపు జనం దిగుతుంటే ఇంకోవైపు కార్గో తలుపు తెరిచి బ్యాగులు దించుతారు. ఇంధనం బండి రెక్క కిందికి వస్తుంది. ఇంజనీరు టార్చి పట్టుకుని టైర్లు, బ్రేకులు, ఇంజన్ బ్లేడ్లు చూస్తూ చుట్టూ తిరుగుతాడు. లోపల సీటు బెల్టులు సర్ది చెత్త ఏరేది చాలాసార్లు క్యాబిన్ క్రూ పిల్లలే. ఈలోపు ఇంకో గదిలో కూర్చున్నవాళ్ళు మనుషుల బరువు, సామాను, ఇంధనం అన్నీ లెక్కవేసి లోడ్ అండ్ ట్రిమ్ షీట్ తయారుచేస్తారు. కెప్టెన్ దాన్ని చూసి ఒప్పుకుంటే తప్ప తలుపు మూయరు. ఇదంతా 30 నిమిషాల్లో అయిపోవాలి. సరిగ్గా అప్పుడు ఒక ప్రయాణికుడు చెకిన్ చేసి బ్యాగు ఇచ్చి, గేటు దగ్గరికి రాలేదనుకోండి. మనిషి లేని బ్యాగుతో ఎగరకూడదు. వందకు పైగా బ్యాగుల్లోంచి ఆ ఒక్క బ్యాగు వెతికి దించాలి. పావుగంట పోయినట్టే. మైకులో పేరు పెట్టి పదేపదే పిలిచేది అందుకే.

పొద్దున పోయిన ఆ పావుగంట రోజంతా ఆ విమానం వెంటే తిరుగుతుంది. హైదరాబాద్ నుంచి తిరుపతి, అక్కడినుంచి మళ్ళీ హైదరాబాద్, అక్కడినుంచి ముంబై, అలా సాయంత్రానికి గంటన్నర అవుతుంది. ప్రతి ఆలస్యానికీ ఎయిర్‌లైన్స్ ఒక కోడ్ రాస్తాయి. వాటిలో 93 అంటే విమానం వెనకటి ట్రిప్పు నుంచే ఆలస్యంగా వచ్చిందని. సాయంత్రం ఫ్లైట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ముఖ్యమైన పని ఉంటే పొద్దున్నే మొదటి ఫ్లైట్ పట్టుకోమని నేను మా బంధువులందరికీ చెప్పేది అందుకే. ఆ విమానం రాత్రే అక్కడికి చేరి ఉంటుంది.

సరే, ఇక దివాలా సంగతి. ఎయిర్‌లైన్స్ నష్టాల వల్ల కంటే చేతిలో నగదు ఆడక చస్తాయి. ఈ వ్యాపారంలో టికెట్ డబ్బు ప్రయాణానికి వారాల ముందే వచ్చేస్తుంది. కంపెనీ పెరుగుతున్నన్నాళ్ళు ముందొచ్చే డబ్బుతో వెనకటి బాకీలు తీరుతూ అంతా బాగున్నట్టే ఉంటుంది. ఎప్పుడైతే ఈ కంపెనీ పని అయిపోయిందట అన్న మాట బయటికి పాకుతుందో, జనం ముందుగా కొనడం మానేస్తారు. ఇంధనం కంపెనీలు అప్పు ఆపేసి రోజు డబ్బు రోజు కట్టమంటాయి. అద్దె బాకీ పడితే లీజు కంపెనీలు విమానాలు వెనక్కి తీసుకుంటాయి. విమానాలు తగ్గితే ఆదాయం తగ్గుతుంది. నెలల్లోనే అయిపోతుంది. దీనికి తోడు ఆదాయం రూపాయల్లో, అద్దె, మెయింటెనెన్సు డాలర్లలో. రూపాయి ఐదు శాతం పడిపోతే లాభం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

2005లో మొదలైన కింగ్‌ఫిషర్ ఒక్క ఏడాది కూడా లాభం చూడకుండానే 2012 అక్టోబర్‌లో ఆగిపోయింది. 1993 నుంచి నడిచిన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న చివరి విమానం నడిపింది. ఆస్తులు అమ్మి అప్పులు తీర్చమని సుప్రీంకోర్టు ఆదేశించింది 2024 నవంబర్‌లో. 2023 మేలో గో ఫస్ట్. దాని కథ వేరు. ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు వరసగా మొరాయించి, బదులు ఇంజన్లు దొరకక, సగం విమానాలు నేలమీదే ఉండిపోయాయి. అద్దె మాత్రం అన్నిటికీ కట్టాలి. మొదట్లో చెప్పిన లెక్క మళ్ళీ చూడండి, ట్రిప్పులు సున్నా అయితే మనిషికి ఎంత పడుతుందో. అమెరికాలోని అమెరికన్, యునైటెడ్, డెల్టా లాంటి పెద్దవాటికి కూడా ఇది తప్పలేదు, అవీ కోర్టు రక్షణకు వెళ్ళి తేలినవే.

మరి ఇండిగో ఎలా నిలబడింది? 2005లో, ఇంకా ఒక్క విమానం కూడా ఎగరకముందే, ఎయిర్‌బస్‌కి 100 ఏ320లు ఆర్డర్ ఇచ్చింది. మొదటి ఫ్లైట్ 2006 ఆగస్టు 4న. అంత పెద్ద ఆర్డర్‌కి దొరికే తగ్గింపు చాలా ఎక్కువ. ఫ్యాక్టరీ నుంచి విమానం రాగానే లీజు కంపెనీకి బజారు ధరకు అమ్మేసి, అదే విమానాన్ని అద్దెకు తీసుకునేది. కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా నగదుగా చేతికొచ్చేది. ఐదారేళ్ళకు పెద్ద మెయింటెనెన్స్ చెక్ దగ్గరపడేసరికి విమానం తిరిగిచ్చేసి కొత్తది తెచ్చుకునేది. ఎప్పుడూ కొత్త విమానాలే కాబట్టి రిపేర్లు తక్కువ, ఇంధనం తక్కువ. చాలా ఏళ్ళు ఒకటే రకం విమానం నడిపింది కాబట్టి ఏ పైలట్ అయినా ఏ విమానమైనా నడపగలడు, ఒకటే రకం విడిభాగాలు. ఇందులో రహస్యమేమీ లేదు. అందరికీ తెలిసిన విషయాన్ని ఇరవై ఏళ్ళు విసుగు లేకుండా చేయడమే గొప్ప.

ఎయిర్ కోస్టాకి లేనిది సరిగ్గా ఆ బలమే. విజయవాడ సంస్థ 2013 అక్టోబర్‌లో ఎంబ్రాయర్ జెట్లతో మొదలుపెట్టింది. ఆలోచన మంచిది. పెద్ద విమానం నిండని ఊళ్ళకు చిన్న జెట్ వేద్దామని. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్‌షోలో 50 కొత్త ఎంబ్రాయర్ జెట్లకు ఆర్డర్ కూడా పెట్టింది. కానీ నడిపినవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. మూడు నాలుగు విమానాలతో నడిపే కంపెనీలో ఒకటి రిపేరుకు పోతే పావు వంతు షెడ్యూల్ పోయినట్టే, ఎయిర్‌బస్ కంపెనీలా పక్క విమానం తెచ్చిపెట్టలేదు. మన దేశంలో ఆ రకం విమానానికి పైలట్లూ తక్కువే, విడిభాగాల నిల్వలూ తక్కువే. వంద విమానాలకు ఉండాల్సిన సేఫ్టీ విభాగం, ట్రైనింగ్ విభాగం, డిస్పాచ్ గది నాలుగు విమానాల కంపెనీకి కూడా ఉండి తీరాలి, ఆ ఖర్చు పంచుకునే సీట్లు మాత్రం ఉండవు. 2017 ఫిబ్రవరి చివరికి ఆగిపోయింది. అక్కడ పనిచేసిన కుర్రాళ్ళు చాలా ఆశతో పనిచేశారు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

హైదరాబాద్ నుంచి వచ్చిన ట్రూజెట్ కొంచెం తెలివైన దారి పట్టింది. 2015లో ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలతో, చిన్న ఊళ్ళు పట్టుకుంది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్ళకు విమానాలు నడిపించే కేంద్రం వారి ఉడాన్ పథకం మొదలైనప్పుడు సిమ్లా ఢిల్లీతోపాటు అదేరోజు ప్రారంభమైన రూట్లలో కడప హైదరాబాద్ ఒకటి, నడిపింది ట్రూజెట్. ఉడాన్ కింద సగం సీట్లు గంట ప్రయాణానికి 2,500 చుట్టుపక్కల అమ్మాలి, తగ్గిన మొత్తాన్ని ప్రభుత్వం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ కింద ఇస్తుంది. కానీ మూడేళ్ళే. కడప లాంటి ఊళ్ళో జనానికి విమానం అలవాటు కావడానికి, వ్యాపారులు దాన్ని నమ్మి పనులు పెట్టుకోవడానికి మూడేళ్ళు చాలవు. పైగా మధ్యలో కోవిడ్ వచ్చిపడింది. ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. చిన్న ఊళ్ళ రూట్లకు సాయం అందరికీ ఒకే గడువు అని కాకుండా, ఎక్కేవాళ్ళ సంఖ్య చూసి మెల్లగా తగ్గించాలని నేననుకుంటాను.

అమెరికాకు దుబాయ్ మీదుగా ఎందుకంటే, హైదరాబాద్ నుంచి ఒక్క షికాగోకే రోజూ విమానం నిండేంత మంది ఉండరు. డాలస్‌కి కొందరు, న్యూజెర్సీకి కొందరు, బే ఏరియాకి కొందరు, అట్లాంటాకి కొందరు. ఎమిరేట్స్ వీళ్ళందరినీ ఒకే విమానంలో దుబాయ్ తీసుకెళ్ళి, అక్కడ కొచ్చి నుంచి, కరాచీ నుంచి, ఢాకా నుంచి వచ్చినవాళ్ళతో కలిపి పదికి పైగా అమెరికా ఊళ్ళకు పంచుతుంది. ఇటు విమానమూ నిండుతుంది, అటు విమానమూ నిండుతుంది. నేరుగా వెళ్ళే విమానానికి ఆ సౌకర్యం లేదు. పైగా పదహారు పదిహేడు గంటల ప్రయాణంలో మొదటి సగం కాలే ఇంధనంలో కొంత భాగం, మిగతా ఇంధనాన్ని మోయడానికే కాలుతుంది. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ షికాగో మొదలుపెట్టింది, వారానికి ఒక్కటే. నిలబడలేదు. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ గగనతలం మన విమానాలకు మూసేశాక ఢిల్లీ నుంచి వెళ్ళేవాటికి కూడా దూరం పెరిగింది. ఇంకో కోణం: గల్ఫ్ కంపెనీలు ఎన్ని సీట్లు నడపొచ్చో, ఏయే ఊళ్ళకు రావచ్చో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు తేలుస్తాయి. దుబాయ్‌కి వారానికి అటూ ఇటూ చెరో 66 వేల సీట్లు, అవి ఎప్పుడో నిండిపోయాయి. దుబాయ్ ఇంకా అడుగుతోంది, మన ప్రభుత్వం మన కంపెనీలు దూరప్రయాణాలకు ఎదిగేదాకా ఆగమంటోంది. విజయవాడ నుంచి నేరుగా విదేశాలకు పెద్దగా విమానాలు లేకపోవడానికి ఇదొక కారణం. అక్కడినుంచి 2018 డిసెంబర్‌లో సింగపూర్‌కి ఇండిగో నడిపింది, నష్టమొస్తే రాష్ట్ర ప్రభుత్వం పూడుస్తానని మాటిచ్చింది కాబట్టి. మరుసటి ఏడాది ఆ సాయం ఆగింది, విమానమూ ఆగింది.

చివర్లో మాట్లాడతానన్న పోటీ సంగతి. ఇప్పుడు దేశంలో ఎక్కే ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఇండిగో విమానమో, టాటాల ఎయిర్ ఇండియా గ్రూపు విమానమో ఎక్కుతున్నారు. ఒక్క ఇండిగో వాటాయే 60 శాతం దాటింది. 2025 డిసెంబర్ మొదటి వారంలో ఏమైందో చూశాం. పైలట్ల అలసట తగ్గించడానికి డీజీసీఏ తెచ్చిన కొత్త డ్యూటీ నిబంధనలు నవంబర్ 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి డ్యూటీలో ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఈ సంగతి చాలా ముందుగానే తెలుసు. అయినా ఇండిగో సరిపడా పైలట్లను ఏర్పాటు చేసుకోలేదు. వేల ఫ్లైట్లు రద్దయ్యాయి. శ్రీకాకుళం ఎంపీ అయిన మంత్రి రామ్మోహన్ నాయుడు గారి శాఖ టికెట్ ధరలకు పైపరిమితి పెట్టాల్సి వచ్చింది, డీజీసీఏ ఆ కంపెనీకి నిబంధనల నుంచి తాత్కాలికంగా వెసులుబాటు ఇవ్వాల్సి వచ్చింది. నాకు బాధ కలిగించింది ఆ రెండోదే. అర్ధరాత్రి రెండింటికి వర్షంలో దించే పైలట్‌కి నిద్ర ఉండాలన్నది బేరమాడే విషయం కాదు. కానీ దేశంలో సగానికిపైగా ప్రయాణాలు ఒకే కంపెనీ చేతిలో ఉన్నప్పుడు నియంత్రణ సంస్థకు కూడా వేరే దారి మిగల్లేదు. ధరకు పరిమితి పెట్టడం వారం పది రోజుల అత్యవసరానికి సరే, ఎప్పటికీ పెడితే నష్టమొచ్చే రూట్లు ముందు మూతపడతాయి, కడపలూ కర్నూళ్ళూ ముందు పోతాయి. మూడో, నాలుగో కంపెనీ బతికే వీలు కల్పించడమే దారి: ఏటీఎఫ్ పన్ను, రద్దీ ఎయిర్‌పోర్టుల్లో కొత్తవాళ్ళకు స్లాట్లు (దిగడానికి, ఎగరడానికి కేటాయించే టైములు).

మీ చేతిలో ఉన్నవి రెండు. టికెట్ ఉండి, టైముకు వచ్చినా సీట్లు ఎక్కువ అమ్మి మిమ్మల్ని ఎక్కించకపోతే, గంటలోపు వేరే విమానం చూపించకపోతే పరిహారం మీ హక్కు. 24 గంటల్లోపు పంపితే బేసిక్ ఫేర్, ఇంధన చార్జీలు కలిపి దానికి రెట్టింపు, 10 వేలకు మించకుండా. అంతకంటే ఆలస్యమైతే నాలుగు రెట్లు, 20 వేలకు మించకుండా. కౌంటర్లో అడిగి, నిరాకరించిన కారణం రాతపూర్వకంగా తీసుకోండి. రెండోది, నెలల ముందు కొనే టికెట్లు క్రెడిట్ కార్డుతో కొనండి. గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు ముందుగా డబ్బు కట్టిన ప్రయాణికులు అప్పులవాళ్ళ వరసలో చివర నిలబడాల్సి వచ్చింది. సేవ అందలేదని బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి) అడిగే వీలు కార్డుతో కట్టినవాళ్ళకు ఉంటుంది, దానికి గడువు ఉంటుంది కాబట్టి విమానం రద్దైందని తెలిసిన రోజే అడగండి.